వర్ణాంధులం



'వర్ణము' అనే మాటకు నిఘంటువులలో ఎన్ని అర్థాలున్నా మన నిత్యవ్యవహారానికి మూడు చాలు. అక్షరమని ఒకటి, రంగు అని మరొకటి, చాతుర్వర్ణ్యంలోని వర్ణమని ఇంకొకటి. మొదటి అర్థాన్ని బడిలో పంతులు నేర్పుతాడు. తక్కిన రెండింటినీ ఇల్లూ, వీధీ, పెళ్ళిచూపులూ నేర్పుతాయి. బడిలో నేర్చినదాన్ని మనవాళ్ళు విమానమెక్కేలోపలే మరచిపోతున్నారు. ఇంట్లో నేర్చినదాన్ని మాత్రం సముద్రాలు దాటినా వదలడం లేదు. ఈ టపా ఆ రెండో చదువును గురించి.

అమెరికాలో ద్వేషం పెరుగుతోందన్న మాట మా తిరుపతిలో ఏ నలుగురు చేరినా వినబడుతోంది. వీధికి నాలుగిళ్ళవాళ్ళ పిల్లలు అక్కడ ఉన్నప్పుడు ఆ మాట రాకపోతేనే వింత. ఆ భయం నిజమైనది, దాన్ని నేను తేలిక చేయబోవడం లేదు. ద్వేషానికి గురికాకుండా బతికే హక్కు మనిషికి పుట్టుకతోనే వస్తుంది, దానికి ఎవరి యోగ్యతాపత్రమూ అక్కరలేదు. కాని ఆ హక్కును గురించి నలుగురిలో నిలబడి వాదించేవాడి నోటికి బలం వాడి నడతవల్ల వస్తుంది. ఆ నడత విషయంలో మన తెలుగువారి లెక్క సరిగా లేదని నా అభియోగం.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేథా పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే మన హైదరాబాదు ఇంజనీరును ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. నా దేశం విడిచి పొమ్మని అరచి మరీ చంపాడు. పక్కనే ఉన్న మరో తెలుగు యువకుడు గాయపడ్డాడు. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ కూడా తూటా దెబ్బ తిన్నాడు. హంతకుడికి 2018లో యావజ్జీవశిక్షలు పడ్డాయి. కాల్చిన తరువాత అతడు మరోచోట, తాను ఇరానీయులను కాల్చానని చెప్పుకొన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. "అయ్యో, మనవాణ్ణి ఇరానీయుడనుకొన్నాడు పాపం" అన్నవారు మనలో ఉన్నారు. ఆ 'పాపం' అన్న మాటలో ఎంత అన్యాయముందో గమనించారా? చచ్చినవాడు నిజంగానే ఇరానీయుడై ఉంటే ఆ హత్య సరైన చిరునామాకే చేరినట్టా? ద్వేషానికి గోత్రం అడిగే తీరిక లేదు. 2001 సెప్టెంబరులో అరిజోనాలో బల్బీర్ సింగ్ సోఢీ అనే సిక్కును చంపినవాడూ అడగలేదు. 2012 ఆగస్టులో విస్కాన్సిన్ గురుద్వారాలో ప్రార్థనకు వచ్చినవారిని కాల్చినవాడూ అడగలేదు. "మేము వాళ్ళం కాము" అని బోర్డు కట్టుకొని తప్పించుకోవాలనుకోవడం పిరికితనం మాత్రమే కాదు, 'వాళ్ళను' చంపడానికి ఇచ్చే అనుమతి కూడా.

ఆ హత్య తరువాత అక్కడి ఒక తెలుగు సంఘంవారు, బహిరంగ ప్రదేశాలలో మాతృభాషలో మాట్లాడకుండా ఉంటే మేలని సలహా ఇచ్చారు. తెలుగు పాఠం చెప్పి బతికినవాడిగా ఆ మాట నా గుండెలో ముల్లయింది. ఆపదలో ఉన్నవారి జాగ్రత్తను నేను తప్పుపట్టను. అయితే భాష దాచుకోవాలన్న ఆలోచన వచ్చినవారికి కులం దాచుకోవాలన్న ఆలోచన రాకపోవడమే విడ్డూరం. నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట ఇంటిపేరు అడగడం, ఊరు అడగడం, ఆ ఊళ్ళో ఏ వీధి అని అడగడం, అంతటితో తేలకపోతే ఇంట్లో మాంసం తింటారా అని అడగడం మాత్రం మానలేదు.

అక్కడి సంఘాల కథే చూడండి. 1970లలో తానా పుట్టింది. 1990లో ఆటా వచ్చింది. ఆ తరువాత నాట్సు, నాటా వచ్చాయి. విడిపోవడానికి ఎవరి కారణాలు వారు చెబుతారు, కొన్ని కారణాలు నిజం కూడా కావచ్చు. కాని ఏ సంఘంలో ఏ కులంవారి పలుకుబడి ఎక్కువని ఇక్కడి కాఫీ హోటలులో కూర్చున్నవాడు కూడా తడుముకోకుండా చెబుతాడంటే, ఆ పేరు ఊరకే పడిందా? తెలుగు అనే ఒక్క మాటను అన్ని సంఘాలూ పేరులో పెట్టుకొన్నాయి. ఆ మాట కింద మనవాళ్ళందరినీ ఒక్కచోట కూర్చోబెట్టడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

ఇప్పుడు సియాటిల్ సంగతి. మా రాయలసీమ బిడ్డ, ఆదోనికి చెందిన కందుల జాహ్నవి అక్కడ చదువుకొంటోంది. 2023 జనవరి 23న వీధి దాటుతున్న ఆమెను పోలీసు కారు ఢీకొట్టి చంపింది. గంటకు 25 మైళ్ళ పరిమితి ఉన్న వీధిలో ఆ కారు వేగం 74 మైళ్ళదాకా వెళ్ళింది. ఇంకొక పోలీసు అధికారి ఆ చావును గురించి నవ్వుతూ, 11,000 డాలర్ల చెక్కు రాసి ఇస్తే సరిపోతుందనీ, ఆమె విలువ పరిమితమేననీ అన్నాడు. అతని ఒంటిమీది కెమెరాయే ఆ మాటలను పట్టించింది. 2024 జులైలో అతణ్ణి ఉద్యోగంనుంచి తొలగించారు. ఒక మనిషి విలువ పరిమితమన్న మాట విని మనమందరం ఉడికిపోయాము. ఉడికిపోవలసిందే.

కాని అదే సియాటిల్లో, జాహ్నవి పోయి నెల తిరగకముందే, 2023 ఫిబ్రవరి 21న నగర పాలకమండలి కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అటువంటి చట్టం చేసిన తొలి నగరం అదే. దాన్ని అడ్డుకోవడానికి బారులు తీరి మాట్లాడినవారిలో భారతీయులే ఉన్నారు. ఆ ఏడాదే కాలిఫోర్నియా శాసనసభ అటువంటి బిల్లును ఆమోదించింది. మనవారి సంఘాలు కొన్ని గట్టిగా ఎదిరించాయి. కులవివక్ష ఇప్పుడున్న చట్టాల ప్రకారమే నిషిద్ధం కనుక వేరే చట్టం అక్కరలేదంటూ అక్టోబరు 7న గవర్నరు న్యూసమ్ దాన్ని తిరస్కరించాడు. మనవాళ్ళు మిఠాయిలు పంచుకొన్నంత సంబరపడ్డారు.

ఎదిరించినవారి వాదాన్ని వక్రీకరించడం ధర్మం కాదు. చట్టంలో కులమన్న మాట చేరితే ప్రతి హిందువునూ అనుమానంగా చూస్తారనీ, బడిలో మన పిల్లలను "మీదే కులం?" అని వేధిస్తారనీ వారి భయం. అది పూర్తిగా నిరాధారమని నేననను. కాని రంగునుబట్టి వివక్ష చూపరాదన్న చట్టం ప్రతి శ్వేతజాతీయుణ్ణీ దోషిగా నిలబెట్టలేదు గదా? ఆడవారిపట్ల వివక్ష కూడదన్న చట్టం ప్రతి మగవాణ్ణీ బోనెక్కించలేదు గదా? దొంగతనాన్ని నిషేధించినంతమాత్రాన ఊరందరికీ దొంగలన్న పేరు రాదు. మన పిల్లలను "మీదే కులం?" అని తోటి అమెరికన్ పిల్లవాడు అడుగుతాడేమోనని భయపడే తల్లిదండ్రులు, ఆ ప్రశ్నను తమ భోజనాలబల్ల దగ్గర తామే అడగడం మానితే సగం భయం తీరుతుంది.

అమెరికా చరిత్రలోనే మనకొక గుణపాఠముంది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు మొదటి ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పట్లో పౌరసత్వం తెల్లవారికీ, ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే దక్కేది. థింద్ తరపున చేసిన వాదమేమిటో తెలుసా? ఈయన అగ్రకులపు ఆర్యుడు కనుక తెల్లవాడేనని! నీగ్రోను అమెరికన్ ఎట్లా చూస్తాడో, ఇక్కడి ఆదివాసులను అగ్రకుల హిందువూ అట్లాగే చూస్తాడని కూడా చెప్పుకొన్నారు. తన కింద తొక్కడానికొకడు ఉన్నాడని చూపించి పై మెట్టు ఎక్కాలన్న యత్నమది. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని కొట్టివేసింది. థింద్ ఒక్కడితో అది ఆగలేదు. అప్పటికే పౌరసత్వం పొందిన అనేకమంది భారతీయులు దాన్ని పోగొట్టుకొన్నారు. కులం చూపించి రంగు మార్చుకొందామనుకొంటే ఉన్నదీ ఊడింది.

మరి తలుపులు ఎవరు తెరిచారు? 1946లో పౌరసత్వపు అర్హతా, ఏడాదికి 100 మందికి ప్రవేశమూ దక్కాయి. అసలు ద్వారం 1965లో తెరుచుకొంది. ఆ ఏటి వలసచట్టం ఎవరి దయ? రోడ్లమీద లాఠీదెబ్బలు తిని, కుక్కలచేత కరిపించుకొని, 1964లో పౌరహక్కుల చట్టాన్నీ, 1965లో ఓటుహక్కు చట్టాన్నీ సాధించిన నల్లజాతివారి పోరాటం సృష్టించిన గాలిలోనే అదీ పుట్టింది. మన పిల్లల పిల్లలు అక్కడ పుట్టగానే పౌరులవుతున్నారే, అది 1868లో విముక్త బానిసలకోసం చేసిన పద్నాలుగో సవరణ పుణ్యం. ఆ సవరణ వలసవారి బిడ్డలకూ వర్తిస్తుందని 1898లో తీర్పు తెచ్చుకొన్నవాడు వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా సంతతి వంటవాడు. 2025 జనవరిలో ఆ జన్మహక్కును తాత్కాలిక వీసాలవారి బిడ్డలకు లేకుండా చేయాలని అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు వేసినప్పుడు, కోర్టులలో దాన్ని నిలిపివేయించినవారు వెతుక్కొన్న ఆధారం ఆ వంటవాడి తీర్పే. మనవాళ్ళు నల్లవారుండే వీధిలో ఇల్లు కొనకూడదని ఒకరికొకరు చెప్పుకొనేటప్పుడు ఈ రుణం గుర్తుకు రావాలి.

మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశానికి వచ్చారు. కేరళలో దళిత పిల్లలు చదివే బడిలో, ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికానుంచి వచ్చిన తోటి అస్పృశ్యుడిగా పరిచయం చేశాడనీ, మొదట మనసు చివుక్కుమన్నా తరువాత అది నిజమేననిపించిందనీ ఆయన 1965లో ఒక ప్రసంగంలో చెప్పారు. ఆయనకు తెలిసిన ఆ బంధుత్వం మన ఇంజనీర్లకు తెలియకపోవడం చదువు లోపం.

ఇక రంగు మాట. 2013 సెప్టెంబరులో దావులూరి నీనా మిస్ అమెరికాగా ఎన్నికైంది. ఆమెను అరబ్బు అనీ, ఉగ్రవాది అనీ అమెరికాలో కొందరు తిట్టారు. మనవాళ్ళు మండిపడ్డారు. ఆ వారంలోనే, ఇంత చామనఛాయ పిల్లకు మన దేశంలో అందాలకిరీటం దక్కేదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. దానికి జవాబు మన పెళ్ళిప్రకటనలలో ఉంది. 'ఎర్రగా, అందంగా' అన్న రెండు మాటలు జంటకవులలాగా విడిపోకుండా తిరుగుతున్నాయి. గురివిందగింజ తన కింద నలుపెరగదన్న సామెత మనకోసమే పుట్టింది.

2024 నవంబరులో, చిలుకూరి ఉషగారి భర్త అమెరికా ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యాడని పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు జరిగాయి. ఆడపడుచు ఉన్నతికి సంతోషించడం సహజం. కాని ఆ ఏడాదే ఆమె పుట్టుకను ఎత్తి శ్వేతజాత్యహంకారులు బహిరంగంగా ఈసడించారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని ప్రకటన వచ్చింది. వలసవారిని తరిమే రాజకీయానికి, అది 'వేరేవాళ్ళను' ఉద్దేశించిందన్న ధీమాతో చప్పట్లు కొట్టినవారు మనలో తక్కువేమీ కాదు. నిప్పుకు మన ఇల్లు, పొరుగిల్లు అన్న తేడా తెలియదు.

అక్కడి చీలికను తప్పుపట్టే ముందు మన ముంగిలి చూద్దాం. మా చిత్తూరు సీమలో ఊరి పేరు పక్కన హరిజనవాడ, అరుంధతీవాడ అని ఇప్పటికీ బోర్డులుంటాయి. ఊరు ఒకటి, వాడ ఒకటి. నల్లవారి పేటలు వేరుగా ఉన్నాయని అమెరికా నగరాలను విమర్శించే వ్యాసాలు చదివి తలూపే మనం, ఆ బోర్డు కింద బస్సు దిగి ఏ ఆశ్చర్యమూ లేకుండా ఇంటికి పోతాము. 2024 మే 13న పోలింగు జరిగింది. మరునాడే ఓటింగు యంత్రాలు భద్రపరచిన తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దగ్గర చంద్రగిరి అభ్యర్థి ఒకరిపై దాడి జరిగింది. 2021 జనవరి 6న వాషింగ్టన్ కాపిటల్ భవనంమీద పడిన మూకను చూసి ముక్కున వేలేసుకొన్నవారం మనమే. కొలత చిన్నదే గాని జాతి ఒకటే: ఓటు లెక్క తేలేదాకా ఓపిక లేకపోవడం, ఎదుటిపక్షాన్ని శత్రువర్ణంగా చూడడం.

ఈ చీలికకు అక్కడినుంచి డబ్బూ మాటా వస్తాయి, ఇక్కడినుంచి కులమూ కక్షా వెళతాయి. డాలసులో కూర్చొని చిత్తూరు పల్లెను రెచ్చగొట్టేవాడికి దెబ్బ తగలదు. తగిలేది ఇక్కడి కూలివాడికి.

అయినా కలిసి బతకడం మనకు తెలియని విద్య కాదు. 1950లలో ఈ సీమ ఎవరిదని తెలుగువారూ తమిళులూ పెద్ద పోరే సాగించారు. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి అటు వెళ్ళింది, మన భాగం మనకు మిగిలింది. ఈనాటికీ నగరిలో, పుత్తూరులో, చిత్తూరులో ఒకే అంగడి ముందు రెండు భాషలూ వినిపిస్తాయి. ఎవరూ ఎవరినీ దేశం విడిచి పొమ్మనలేదు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు వెంకటేశ్వరుణ్ణి దర్శించుకొంటారు. మన నేలలోనే ఉన్న ఈ సంస్కారాన్ని పెట్టెలో సర్దుకోకుండా, పచ్చళ్ళతో పాటు కులాన్ని మాత్రం సర్ది పంపుతున్నాము.

కనుక నేను కోరేది పెద్ద పెద్ద తీర్మానాలు కాదు. అద్దెగదికి తోడు వెతుక్కొనేవాడు ఇంటిపేరు కూపీ లాగడం మానాలి. సంఘాలవారు తమ నియమావళిలో కులవివక్ష కూడదని ఒక వాక్యం రాసుకోవాలి. రాయలేమంటే ఎందుకు రాయలేరో సభలో చెప్పాలి. మనకోసం చట్టం కావాలని వీధికెక్కేవారు, మనలో బలహీనుడికోసం వచ్చే చట్టానికి అడ్డుపడకూడదు. ఇక్కడి తల్లిదండ్రులు ఫోనులో "అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు?" అని అడిగినప్పుడు, ఆ 'మనవాళ్ళు' అన్న మాటకు అర్థం చెప్పే బాధ్యత పిల్లలది. మనవాళ్ళంటే కులం అని వారు ఒప్పుకొంటే, ఒలేథాలో కాల్చినవాడి నిఘంటువూ మన నిఘంటువూ ఒకటే అవుతాయి.

విభేదించేవారికి స్వాగతం. వాదం చేయండి, జవాబిస్తాను. ఇంటిపేరు చూసి తిట్టేవారికి మాత్రం, పైన రాసినదే నా జవాబు.