రాక్షసిబొగ్గు వాయువులోని పాదరసము

సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్ అంగళ్లలో దీపములు వెలిగినపుడు, ఎచ్చటనో మండుచున్న రాక్షసిబొగ్గు మనకు జ్ఞప్తికి రాదు. ఆ బొగ్గులో పాదరసము కలదు. టన్నుకు ఒక గ్రామైనను ఉండకపోవచ్చును. కాని మంటకు ఆవిరియై, నెలల తరబడి గాలిలో తిరిగి, ఏ చెఱువులోనో దిగి, చేపలలో జేరి, తల్లి తిన్న కూటి ద్వారా గర్భస్థశిశువు మెదడును దెబ్బతీయగలదు. 1956లో జపానునందలి మినమాటాలో బయటపడినది ఈ విషమే. అచ్చట మాత్ర మది కర్మాగారపు మురుగునీటినుండి వచ్చినది.

ఇప్పుడు బొగ్గును కాల్చుట చాలక వాయువుగా మార్చ నుద్యమించుచున్నారు. బూడిద హెచ్చుగా నుండు దేశీయపు బొగ్గునుండి మిథనాలు తీయవచ్చునని 2022లో హైదరాబాదులోనే బి.హెచ్.ఇ.ఎల్. వారు చూపిరి. 2024 జనవరిలో కేంద్రమంత్రివర్గ మిట్టి కర్మాగారములకు 8,500 కోట్ల రూపాయల సాయము నామోదించినది. స్వదేశపు బొగ్గుతో దిగుమతులు తగ్గుట మాకును ఇష్టమే. పాదరసము మాట యేమని మాత్రము అడుగుచున్నాము.

ఉపాయము క్రొత్తది కాదు. ఉత్త బొగ్గు పాదరసమును పట్టినను గట్టిగా నిలుపుకొనజాలదు. దానికి గంధకము పట్టించినచో ఆ రెండును ఏకమై కదలకుండును. మన రసవైద్యులు కల్వములో నూఱెడి కజ్జలి యిదియే గదా! అమెరికాలోని కింగ్స్‌పోర్టున 1983 నుండి చల్లార్చిన బొగ్గువాయువు నిట్టి పొరల గుండ బంపి, నూటికి తొంబదిపాళ్లకు పైగా పాదరసమును తీసివేసిరి. వాయువు పీడనమున అణగియుండుటచే తొట్టి చిన్నదైనను చాలును.

కాల్చిన పొగ విషయ మట్లు కాదు. దాని పరిమాణ మపారము. బ్రోమిను పట్టించిన బొగ్గుపొడిని అందులోనికి చిమ్మవలెను. ఆ పొడి బూడిదలో గలిసినచో కాంక్రీటుకు ఆ బూడిద చెడును. 2015 డిసెంబరు ఉత్తరువు ఘనమీటరుకు 0.03 మిల్లీగ్రాముల హద్దు విధించినను, 2004కు ముందటి 500 మెగావాట్లకు లోబడిన యూనిట్లను విడిచిపెట్టినది. రామగుండమునందలి 200 మెగావాట్ల యూనిట్లు మూడును అట్టివే. గంధకపు పొగను కడుగు యంత్రములు పాదరసమును గూడ కొంత పట్టును. 2025 జూలైలో వాని విషయమునను అధికసంఖ్యాక కేంద్రములకు మినహాయింపు దొరకినది. కట్టిన పొగగొట్టమునకు పిదప నిబంధన తగిలించుట ఎంత దుర్ఘటమో పాఠకులే చూడుడు.

కావున సొమ్ము చేతి కీయకముందే షరతు వ్రాయవలెను. పాదరసపు తొట్టి లేని నమూనాకు కాసైనను ఈయరాదు. కొలతలు నెలనెల స్థానికభాషలో ప్రకటింపవలెను. నిండిన బొగ్గు తానును విషమే గనుక, దాని నే గోతిలో పూడ్తురో, ఎన్నాళ్లు ఎవరు కావలి యుందురో గూడ ఆ పత్రములోనే ఉండవలెను.