మన చేతి పని: ఆగిపోయిన కరెంటు బొమ్మ తుపాకి

ఈ నెల ఉత్తరం భివండి నుంచి వచ్చింది. రాసింది ఒక తల్లి. పేరు వద్దన్నది, అందుకే వేస్తలేము.

"అన్నా, మా చిన్నోడు హైవే పక్క గేమ్ జోన్‌ల పనికి పోతున్నడు. ప్లాస్టిక్ గోలీలతో ఆడే కరెంటు తుపాకులు చూసుకునే పని. రెండు తుపాకులు ఆగినయట. బాగు చేయకుంటే జీతంల కోస్తనని సేటు అన్నడట. ఇంటికి తెచ్చి రాత్రి పూట ఇప్పుతున్నడు. బ్యాటరీ మంచం పక్కనే చార్జింగు పెడుతున్నడు. ఇది ఆటవస్తువా, తుపాకియా? నాకు భయమైతంది."

అక్కా, భయపడాల్సినవి రెండున్నయి: ఒకటి కన్ను, ఇంకొకటి బ్యాటరీ. మిగతాది సాంచె పనే. నీ కొడుకు సాంచెల నడుమ పెరిగినోడు కాబట్టి నేర్చుకోగలడు.

ముందు ఈ వస్తువు ఏందో చెప్పుకుందాం. ఇది జపాన్‌ల పుట్టిన ఆట. అక్కడ అసలు తుపాకి ఉంచుకోవడం మీద చట్టం చాలా గట్టిగా ఉంటది. అందుకే గాలితో ప్లాస్టిక్ గోలీ కొట్టే నమూనాలు వచ్చినయి. 1991ల టోక్యో మారుయ్ కంపెనీ ఫామాస్ అనే నమూనాను బ్యాటరీ మోటారుతో తెచ్చింది. ఇప్పుడు దొరికే చాలా తుపాకుల గేరు పెట్టె ఆ దారిల వచ్చిందే. గోలీ 6 మిల్లీమీటర్లది. బరువు 0.20 గ్రాము, 0.25 గ్రాము, ఇట్ల ఉంటది.

లోపల జరిగేది ఇది. మోటారు కొసకు చిన్న పిన్యన్ ఉంటది. అది ఒకదాని తర్వాత ఒకటి మూడు చక్రాలను తిప్పుతది. మూడో చక్రానికి సగం దాకనే పళ్ళు. ఆ పళ్ళు పిస్టన్‌ను వెనకకు గుంజి స్ప్రింగును నొక్కుతయి. పళ్ళు అయిపోంగనే పిస్టన్ ఒక్కసారి ముందుకు దుముకుతది. సిలిండర్ల గాలి నాజిల్ గుండ పోయి గోలీని తోస్తది. అదే చక్రం మీద ఉన్న మొట్టె టాపెట్ ప్లేటును గుంజుతది. అప్పుడు నాజిల్ వెనకకు జరిగి కొత్త గోలీకి తొవ్వ ఇస్తది. టాపెట్ అనే మాట మన జాబర్లకు కొత్తది కాదు. సాంచెల నాడె కొట్టే సమయం తప్పితే ఏమైతదో మనకు తెలుసు. ఇక్కడ కూడ అంతే, సమయం తప్పితే గోలీ ఇరుకుతది.

చెయ్యి పెట్టే ముందు ప్రతిసారి ఈ వరుస తప్పొద్దు. కండ్లకు గట్టి గాగుల్స్ పెట్టుకోవాలె. మ్యాగజైన్ తీయాలె. తీసినంక కూడ లోపల ఒక గోలీ మిగిలి ఉంటది. అందుకే మనుషులు లేని దిక్కు మొహం పెట్టి రెండు మూడు సార్లు కొట్టాలె. ఆ తర్వాత బ్యాటరీ తీయాలె. బ్యాటరీ ఉండంగ స్క్రూ డ్రైవర్ ముట్టొద్దు.

ఇగ రోగం ఎట్ల గుర్తుపట్టాలె? సాంచె లెక్కనే, చెవితో.

ట్రిగ్గర్ నొక్కితే ఏ చప్పుడూ లేదు. అప్పుడు గేరు పెట్టె ఇప్పొద్దు, కరెంటు తొవ్వ వెతకాలె. మొదలు బ్యాటరీ. మీటర్ పెట్టి చూస్తే 7.4 వోల్టుల లిపో బ్యాటరీ నిండినప్పుడు 8.4 చూపాలె. తర్వాత కనెక్టర్. వదులైనా, నల్లబడినా మార్చాలె. తర్వాత ఫ్యూజు. ఫ్యూజు పోయిందని తీగ చుట్టి నడపొద్దు. మన ఖోలీలల్ల మీటర్ బోర్డుకు ఆ అలవాటు ఉంది, ఇక్కడ వద్దు. అది తీగలనూ బ్యాటరీనీ కాలుస్తది. ఇవన్నీ బాగుంటే ట్రిగ్గర్ కాంటాక్టులు కాలినయా, మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగినయా చూడాలె. మిక్సీల ఉండే బ్రష్ అసొంటివే, కాకపోతే చిన్నవి.

గుర్రుమని ఆగిపోతంది. అంటే బ్యాటరీకి బలం లేదు, లేకుంటే లోపల ఏదో ఇరికింది. నిండిన బ్యాటరీ ఒకటి పెట్టి ఒక్కసారి చూడు. అప్పటికీ తిరగకపోతే ట్రిగ్గర్ మీద వేలు తీయాలె. పట్టుకొని నొక్కుతనే ఉంటే తీగలు వేడెక్కుతయి, కాంటాక్టులు కాలుతయి.

మోటారు తిరుగుతంది, గోలీ వస్తలేదు, ఉత్త జుయ్‌మంటది. పిన్యన్ బిగించే చిన్న స్క్రూ జారి ఉండొచ్చు, అయితే పైసా ఖర్చు లేదు. లేకుంటే పిస్టన్ పళ్ళు అరిగిపోయినయి. గట్టి స్ప్రింగు వేసినా, 7.4కు చేసిన తుపాకికి 11.1 వోల్టుల బ్యాటరీ పెట్టినా పళ్ళు తొందరగ పోతయి. జోరుగ కొట్టాలని ఎవరో పెట్టి ఉంటరు, ఆ సంగతి అడిగి తెలుసుకోవాలె.

కీచుమని అరుస్తంది. పిన్యన్‌కూ మొదటి చక్రానికీ పొత్తు కుదరలేదు. పిడి అడుగున ఒక చిన్న స్క్రూ ఉంటది. దాన్ని తిప్పితే మోటారు పైకి కిందికి జరుగుతది. ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. పావు చుట్టు కంటే తక్కువ తిప్పి, ఒక్కసారి కొట్టి, చెవి పెట్టాలె. చప్పుడు మెత్తబడ్డ కాడ ఆపాలె. ఎటు తిప్పినా అరుపు పోకపోతే లోపల చక్రాల కింద వాషర్లు సరిగ లేనట్టు.

కొడుతంది, గోలీ దగ్గరనే పడుతంది. గాలి ఎక్కడనో పోతంది. పిస్టన్ తల మీది రబ్బరు రింగు ఎండిందేమో, నాజిల్ పగిలిందేమో, గోలీకి వెనక తిరుగుడు ఇచ్చే హాప్ రబ్బరు చినిగిందేమో చూడాలె. గోలీ పైకి లేచిపోతే హాప్ ఎక్కువైనట్టు, తగ్గించాలె. ఒక్కోసారి గొట్టం మురికే కారణం. హాప్ పూర్తిగ తగ్గించి, కమ్మీకి మెత్తటి గుడ్డ చుట్టి, పొడిగ తుడవాలె. ఒకసారి కొట్టి కింద పడ్డ గోలీలు ఏరి మళ్ళ వాడొద్దు. వాటికి అంటిన మట్టి గొట్టాన్ని గీస్తది.

నూనె సంగతి. సాంచె నూనె దీనికి పనికిరాదు. పెట్రోలు జాతి నూనె తగిలితే రబ్బరు ఉబ్బి చెడిపోతది. రబ్బరు రింగుకు సిలికోన్ నూనె చుక్క, చక్రాల పళ్ళకు గ్రీజు పలచగ. హాప్ రబ్బరుకు ఏదీ వద్దు, నూనె తగిలితే గోలీ జారి గురి తప్పుతది.

గేరు పెట్టె ఇప్పే గతి పడితే అడుగడుగుకు ఫోటో తీసుకోవాలె. లోపల స్ప్రింగు నొక్కి ఉంటది, మూత తీయంగనే దుముకుతది. పెద్ద ప్లాస్టిక్ సంచిల చేతులు పెట్టి ఇప్పితే ముక్కలు పోవు. పని అయినంక బ్యాటరీ పెట్టి, ఒక్కొక్క షాటు మీద రెండు మూడు సార్లు కొట్టి పెట్టెల పెట్టాలె. అట్లయితే స్ప్రింగు వదులుగ ఉంటది.

ఇగ బ్యాటరీ. అక్కా, ఇది నీకు చెప్పే మాట. లిపో బ్యాటరీ మంచం పక్కన, అందరు పండుకున్నంక చార్జింగు పెట్టొద్దు. మన ఇండ్లల్ల నూలు, దూది, బట్టల మూటలు చుట్టూ ఉంటయి. ఒక్క నిప్పు రవ్వ చాలు. ఆ బ్యాటరీకని చేసిన, ప్రతి సెల్లునూ సమంగ నింపే చార్జర్ ఉండాలె. బండ మీదనో, మట్టి పళ్ళెంలనో పెట్టి, మనిషి చూస్తుండంగనే నింపాలె. ఒక్కొక్క సెల్లు 3 వోల్టుల కిందికి దిగనియ్యొద్దు, 4.2 దాటనియ్యొద్దు. కొన్ని రోజులు వాడకుంటే 3.8 కాడ ఉంచాలె. పొంగిన బ్యాటరీని మళ్ళ నింపొద్దు, గుచ్చొద్దు, చెత్తల వెయ్యొద్దు. ఈ-చెత్త తీసుకునే కాడ ఇయ్యాలె. మంచి మాట ఏందంటే, బ్యాటరీ ఇంటికే తేవద్దు. చార్జింగు పనికాడనే.

కన్ను సంగతి. 0.20 గ్రాము గోలీ సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతే దాని బలం 1 జౌల్. 2006 నుంచి జపాన్‌ల ఈ గోలీకి 0.98 జౌల్ దాటొద్దని చట్టం ఉంది. అంత తక్కువ బలం కూడ కన్ను తీయగలదు. చదువుకునే కండ్లద్దాలు కాపాడవు. గల్లీల కొట్టి చూడొద్దు, చిన్న పిల్లల చేతికి ఇయ్యొద్దు. దూరం నుంచి చూసేటోళ్ళకు ఇది అసలు తుపాకే. బస్సుల చేతిల పట్టుకొని వస్తే పోలీసులతోని కష్టం. తేవాల్సి వస్తే మూసిన సంచిల, సేటు రాసిచ్చిన చీటితో తేవాలె. సొంతానికి కొనాలంటే ముందు ఠాణాల అడగాలె.

చివరికి జీతం. ఉంగరాలు, బ్రష్‌లు, పిస్టన్లు వాడితే అరిగేవే. సాంచెకు పికరు అరిగితే నేసేటోడి తప్పు అంటమా? సామాను చెడిందని కూలిల కోయాలంటే అది పనివాని నిర్లక్ష్యంతోనే చెడి ఉండాలె, కోసే ముందు అతని మాట వినాలె. ఇది 1936 నాటి వేతనాల చట్టం నుంచి ఉన్న రూలు. అందుకే నీ కొడుకును ఒక నోట్‌బుక్కు పెట్టమను. ఏ తుపాకి, ఏ తారీకు, ఏ చప్పుడు, ఏం మార్చిండు, ఎవరు ఏ బ్యాటరీ పెట్టిండ్రు, అన్నీ రాయాలె. వారానికోసారి సేటు సంతకం తీసుకోవాలె. నోటి మాటకు నోటి మాటే జవాబు అయితది, రాసిన దానికి సంతకం ఉంటది. కోత పడితే ఆ నోట్‌బుక్కు పట్టుకొని యూనియన్ ఆఫీసుకో, లేబర్ ఆఫీసుకో పోవాలె.

రిపేరు పనికి వేరే కూలి అడగమని కూడ చెప్పు. తుపాకులు చూసుకునుడు ఒక పని, బాగు చేసుడు ఇంకొక పని. మన జాబర్లు ఎన్నడూ ఆ రెండింటినీ ఒక్క జీతంల కలపనియ్యలేదు.

వచ్చే నెల వానకాలం ముందు చూసుకోవాల్సిన ఇంటి వైరింగు గురించి రాస్తం. మీ ఖోలీల ఎక్కడ షాక్ కొడుతందో రాసి పంపుండ్రి.