ఆరోగ్యబోధయు నన్నపు సంచియు

ప్రజలారోగ్యముగా నుండవలెనని ప్రభుత్వము బోధించుట మంచిదే. 2019 ఆగస్టు 29వ తేదీని 'ఫిట్ ఇండియా' ఉద్యమము నారంభించి, నడువుడు, ఆడుడు, కదలుడని మనకు జెప్పిరి. మన దేశము కోరగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా బ్రకటించినది. ఈ మాటలతో మాకు వైరము లేదు. మాటకును చేతకును గల దూరముతోనే మా వైరము.

2013 నాటి ఆహారభద్రతాచట్టమున బియ్యము, గోధుమలతో బాటు ముతకధాన్యములును జేర్చబడినవి. అయినను మన తెలుగునాట రేషను దుకాణమున బీదవాని సంచిలో బడునది ముఖ్యముగా బియ్యమే. జొన్నలు, రాగులు బలమని గోడపై వ్రాసి, సంచిలో బియ్యము పోయుట బోధయా, పరిహాసమా? దొరకినదే వాడు వండుకొనును. ఉపదేశమును వండుకొనలేడు గదా!

ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కుచట్టము విధించినది. మేడమీది గదులలో నడచు బడులు మన పట్టణములలో నెన్ని లేవు? అచ్చటి పిల్లల నాడుడనిన నెక్కడ నాడుదురు?

అట్లని ప్రభుత్వమునే నిందించి మనము తప్పుకొనరాదు. సంకటి కూలివారి కూడనియు, తెల్లని యన్నమే మర్యాదయనియు నేర్పినవి మన వంటయిండ్లే. ఆడపిల్ల పరుగెత్తిన నగుబాటని యాపువారము మనమే. పరీక్షలు సమీపింపగానే ఆటగంటను గణితమున కిమ్మని యడుగువారు తలిదండ్రులు. ఇచ్చివేయువారము ఉపాధ్యాయులమైన మేము.

కావున ప్రభుత్వమువారు ప్రకటనలు తగ్గించి, సంచిలో జొన్నలు పోయింతురుగాక, బడికి స్థలమిత్తురుగాక. గృహస్థులారా! అతిథి ముందు రాగిసంకటి వడ్డించుటకు సిగ్గుపడకుడు. మేమును ఆటగంటను మరల పిల్లలకే విడిచెదము.