హిగ్స్ దగ్గర సెల్‌ఫోన్ లేదు

2012 జులై 4. టీవీలో ‘దైవకణం దొరికింది’ అని స్క్రోలింగ్. మా నానమ్మ కళ్లజోడు సర్దుకుని, ‘అయితే గుడి ఎక్కడ కడతార్రా?’ అంది. నవ్వేశాను కానీ, నాకూ అంతకుమించి తెలీదు. ఆ పేరంటే హిగ్స్‌కే గిట్టేది కాదని తర్వాత తెలిసింది.

సంగతేంటంటే, కణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో 1964లో పీటర్ హిగ్స్, ఇంకొందరు కాగితం మీద లెక్కగట్టారు. విశ్వమంతా ఒక క్షేత్రం పరుచుకుని ఉంది, దాంతో ఎంత ముడిపడితే కణానికి అంత ద్రవ్యరాశి. అదే లేకపోతే ఎలక్ట్రాన్ కాంతివేగంతో పోతూనే ఉంటుంది, పరమాణువు ఏర్పడదు. మనం ఉండం, మన రీల్సూ ఉండవు. (అలాగని జిమ్‌లో కనిపించే బరువంతా హిగ్స్ ఖాతాలో వేయకండి. అందులో చాలావరకు ప్రోటాన్ల లోపల క్వార్కులను బిగించి ఉంచే శక్తిదే.)

అది నిజమని తేలడానికి 48 ఏళ్లు పట్టింది. జెనీవా దగ్గర సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగం, వేలమంది మనుషులు కావాల్సొచ్చారు. (మీరిది చదువుతున్న వెబ్ పుట్టిందీ అక్కడే, 1989లో.) ప్రకటన విని 83 ఏళ్ల హిగ్స్ కళ్లు తుడుచుకున్నారు. అదే ఏడాది అదే ఆలోచన రాసిన రాబర్ట్ బ్రౌట్ మాత్రం 2011లోనే పోయారు. ఒక్క ఏడాది! నాకు ముందు ఆయనే గుర్తొస్తారు.

2013లో నోబెల్ ప్రకటించిన రోజు హిగ్స్ కోసం అందరూ వెతికారు. ఆయన దగ్గర సెల్‌ఫోన్ లేదు. ఎడిన్‌బరోలో బయట భోంచేసి నడిచొస్తుంటే, ఒకప్పటి పొరుగింటావిడ కారాపి అభినందనలు చెప్పింది. దేనికని ఆయన ఆమెనే అడిగారట.