కోళ్ళగూటికి కప్పు ముందు, గోడ తరువాత

మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు మన చెన్నూరు ప్రాంతపు రైతునకు దుక్కి, విత్తనము, ఎరువు అను మూటి చింత తప్ప వేఱొకటి యుండదు. పెరటిలోని కోళ్ళగూడు ఎవరికిని జ్ఞప్తికి రాదు. ఒకనాటి రాత్రి ముసురు పట్టి, తెల్లవాఱునప్పటికి నాలుగు కోళ్ళు తలలు వ్రేలవైచి పడియుండగా గాని దాని సంగతి తలపునకు రాదు. ఆ కోళ్ళు సాధారణముగా ఇంటి యిల్లాలి సొంత సొమ్ము. గ్రుడ్లమ్మిన పైకముతోనే ఆమె ఉప్పు, నూనె, పిల్లల పలకా బలపములు సమకూర్చుకొనును. ఈ నష్టము సంఘపు చిట్టాలకెక్కదు గాని ప్రతి యింటి లెక్కలోను కనబడును.

“మనుష్యులుండు ఇల్లే కురియుచుండగా కోళ్ళకు మేడలా?” అని కొందఱు పరిహసింతురు. మేము మేడలను కోరుట లేదు. పది కోళ్ళకు 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు గల గూడు చాలును. అనగా కోడి యొక్కింటికి 2 చదరపు అడుగులు. వెదురు, పత్తికట్టె, వరిగడ్డి, మన్ను, పేడ మన యూళ్ళలోనే లభించును. కొనవలసినవి ఒక టార్పాలిను, కొంత ఇనుపజాలి, కట్టుతీగె మాత్రమే. ఆ వ్యయము మూడు నాలుగు నాటుకోళ్ళ వెలకు మించదని మా యంచనా.

అయితే ఆ కొద్ది ధనమైనను ఎచ్చట వెచ్చింపవలెనన్నదే ప్రశ్న. మనవారిలో పెక్కండ్రు వానకు జడిసి గూటిని నలువైపుల మూసి, ఊపిరాడకుండ చేయుదురు. ఇది పెద్ద పొరపాటని మా దృఢాభిప్రాయము. కోళ్ళ ఊపిరినుండియు, రెట్టనుండియు వచ్చు తేమ వెలికి పోవు దారి లేక లోననే నిలుచును. తడిసిన రెట్టనుండి ఘాటైన అమ్మోనియా వాయువు పుట్టి కన్నులను, ఊపిరితిత్తులను చెఱచును. తడి నేలయందే రక్తపారుడు రోగమును ప్రబలును. కావున వానను ఆపవలెను గాని గాలిని ఆపరాదు.

ఇందులకు మొదటి సాధనము కప్పు. గడ్డికప్పునకు వాలు ఎక్కువగా నుండవలెను. వాలు తక్కువైనచో నీరింకి గడ్డి కుళ్ళును. టార్పాలినును పైన పఱచినచో ఎండకు కొలది కాలములోనే చివుకును. రెండు గడ్డి పొరల నడుమ పఱచినచో చాలకాలము మన్నును. చూరు రెండడుగులకు తగ్గక వెలికి వచ్చినయెడల గోడ దానంతట అదే పొడిగా నుండును. ఇనుపరేకు వానకు మంచిదే గాని రోళ్ళు పగులు రోహిణిలో అది పొయ్యిమీది పెనము వంటిది. కోడి దేహపు వేడి సహజముగనే 41 డిగ్రీలకు దగ్గఱ; దానికి చెమట పట్టదు. రేకు వేసినవారు దానిపై సున్నము పూసి గడ్డి కప్పుట అవశ్యము.

రెండవది నేల. నేలమట్టమునకు రెండడుగుల యెత్తున రాళ్ళతో మన్నుతో అరుగు వేసి, పైని రెండు మూడు అంగుళముల ఊక పోయవలెను. ఊకను పిడికిట పట్టి పిండినపుడు ముద్ద కట్టి నిలిచెనా, తేమ హెచ్చినదని యెఱుగవలెను. అపుడు కొంచెము సున్నము చల్లి తిరుగవేయవలెను, లేదా మార్చవలెను.

గోడలు చివరివి. గూటి పొడవు తూర్పు పడమరలుగా నుండిన ఎండ తక్కువ సోకును. వానజల్లు మిక్కిలిగా కొట్టు పడమటివైపు పూర్తిగా తడిక కట్టి మన్నుపేడలతో మెత్తవలెను. తక్కిన వైపుల అడుగున్నర వఱకు తడిక, ఆపైన జాలి చాలును. జాలికి ఎరువుల సంచులు కుట్టి తెర కట్టునపుడు తెర అడుగును బిగించి, క్రిందినుండి పైకి లాగి కట్టవలెను. అపుడు జల్లు లోనికి రాదు, మీది సందునుండి వేడియు తేమయు వెలికిపోవును. పత్తికట్టెను కాయలు పూర్తిగా దులిపి కాల్చివేసిన పిమ్మటనే వాడవలెను. ఏలయన ఎండుకాయలలో గులాబిరంగు పురుగు దాగి మరుసటి పంటకు చేటు తెచ్చును.

ఇన్ని చేసినను గూడు టీకాకు బదులు కానేరదు. కొక్కెర తెగులునకు టీకాయే మందు. వరదకును ఈ యరుగు చాలదు. 2022 జూలైలో గోదావరి పొంగి భద్రాచలము వద్ద 71 అడుగులు దాటినపుడు మన చెన్నూరు పరిసరముల పొలములును మునిగినవి. నదీతీరవాసులు గూటిని మెరకను కట్టి, కోళ్ళను తరలించుటకు గంపలు సిద్ధముగా నుంచుకొనవలెను.

తుదకు సంఘమునకొక సూచన. కోళ్ళను కొనుటకు అప్పు అడుగు సభ్యుని “గూడు కలదా?” అని మనము అడుగుట లేదు. గూడు లేని కోళ్ళకిచ్చిన అప్పు వానలో పోసిన ఉప్పు. అప్పులో కొంత భాగము గూటికని నిర్ణయింపవలెను. టార్పాలిన్లు, జాలి రోహిణికి ముందే సంఘము మొత్తముగా కొని సభ్యులకు అసలు ధరకు పంచవలెను. ఒక్కొక్కరుగా అంగడికి పోయినచో వానకాలపు ధరయే గతి. కలిసి కొనుటకే గదా మనము సంఘము కట్టుకొన్నది! సభ్యులు, విశేషించి గృహిణులు, ఈ విషయమును రాబోవు సమావేశమున చర్చింతురు గాక యని మా విన్నపము.