ఇసుక రేణువు కన్నా చిన్న ఏంటెనా – మన చదువు

ఇంటర్‌లో చేరే ముందు మనవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "ఫిజిక్స్ మనకెందుకు? అది పెద్ద పెద్ద యంత్రాలున్న వాళ్ల చదువు." ఈ భయం పోవాలని నా అభిప్రాయం.

ఇళ్ల మీద టీవీ ఏంటెనాలు అందరూ చూసినవే. ఏంటెనా పొడవు అది అందుకునే తరంగం పొడవుకు తగినట్టు ఉండాలి. టీవీ తరంగాలు మీటర్లలో ఉంటాయి కాబట్టి ఆ కడ్డీలు అంత పొడవు. వెలుగు కూడా తరంగమే. దాని పొడవు సుమారు 500 నానోమీటర్లు. కాబట్టి వెలుగును పట్టే ఏంటెనా 100, 200 నానోమీటర్లుంటే చాలు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు!

శాస్త్రవేత్తలు బంగారంతో ఇలాంటి త్రికోణాలు చేసి లేజర్ మెరుపు వేస్తారు. పిడుగు కడ్డీ మొన వద్ద విద్యుత్ క్షేత్రం పోగుపడినట్టే ఇక్కడా మొన వద్ద అది పెరిగి ఎలక్ట్రాన్లను బయటికి లాగుతుంది. పాత టీవీ పిక్చర్ ట్యూబులో ఫిలమెంటు వేడెక్కి ఎలక్ట్రాన్లు ఆగకుండా వచ్చేవి. ఇక్కడ మెరుపు ఉన్నంతసేపే వస్తాయి. ఆ మెరుపు కొన్ని ఫెమ్టోసెకన్లు మాత్రమే. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకను. అంత పొట్టి ఎలక్ట్రాన్ మెరుపులతో అణువుల కదలికను ఫోటో తీసినట్టు చూడవచ్చు. ఫెమ్టోసెకన్లలో రసాయన చర్యలను గమనించినందుకు 1999లో నోబెల్ పొందిన అహ్మద్ జెవైల్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు.

ఇలాంటి పని మనకు దూరంలో లేదు. కొడంగల్, పరిగి, చేవెళ్ల దాటి హైదరాబాద్ చేరగానే గోపన్‌పల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్ (టీ.ఐ.ఎఫ్.ఆర్.) ఉంది. అక్కడివారు 15 మైక్రాన్ల మిథనాల్ చుక్క మీద లేజర్ వేశారు. తొలి మెరుపు చుక్కను గుంతలా మారుస్తుంది, రెండోది ఎలక్ట్రాన్లను మహా వేగంతో వెలువరిస్తుంది. మామూలుగా కావలసిన లేజర్ తీవ్రతలో వందో వంతుతోనే ఈ పని జరిగిందని 2024లో ప్రకటించారు. బంగారు త్రికోణమైనా, మిథనాల్ చుక్కైనా పని చేసింది పెద్ద యంత్రం కాదు, సరైన ఆకారం, దాని వెనుక ఆలోచన.

"మనకు ముందు ఉద్యోగం కావాలి" అంటారు కొందరు. నిజమే, ఇంటి పరిస్థితి ఎవరికి తెలియదు? కానీ బీ.ఎస్సీ., బీ.ఎడ్. చేసినవారు డీఎస్సీలో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పోటీ పడవచ్చు. దారి వద్దనుకుంటే వద్దు, కానీ చూడకుండానే వద్దనుకోవడం నష్టం.

అందుకే వార్డెన్ సారుకు, పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. ఏటా గోల్కొండ, జూ పార్కు చూపిస్తున్నాం. ఈసారి ముందుగా అనుమతి కోరుతూ లేఖ రాసి, ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం నాటికి తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక పరిశోధనశాల చూపిద్దాం. బస్సు ఖర్చు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుందాం. దౌల్తాబాద్ పిల్లవాడు లేజర్ గది గుమ్మంలో ఒక్కసారి నిలబడితే, ఎమ్.పి.సి. అనే మూడక్షరాలు అతన్ని ఇక భయపెట్టవు.