స్కిప్ కొడితే పోయేది ఎర్రరేనా?

ఏఐ వచ్చాక ఫ్రెషర్లకు కోడింగ్ పని ఉంటుందా? ఏ క్యాంపస్‌లో చూసినా ఇదే ప్రశ్న. ఒక చిన్న ఫైల్ తీసుకుని చూద్దాం. లైనుకో అభ్యర్థి: పేరు, చిరునామా, ఫోన్ నంబర్, మధ్యలో కామాలు. పైథాన్‌లో కామా దగ్గర స్ప్లిట్ చేస్తే అయిపోతుంది అనిపిస్తుంది. కానీ మన చిరునామాలు తెలుసుగా! '4-52, రామాలయం వీధి, తెనాలి' అని కోట్స్ లేకుండా కొట్టేస్తారు. మూడు ముక్కలు రావాల్సిన చోట ఐదొస్తాయి. పాండాస్ అయితే ఇలాంటి లైన్ల దగ్గర తరచూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

చాట్‌బాట్‌ని అడిగితే, చెడ్డ లైన్లను 'స్కిప్' చేసే ఆప్షన్ పెట్టి ఇవ్వొచ్చు. ఎర్రర్ పోతుంది. దాంతోపాటే చప్పుడు లేకుండా ఆ లైన్లూ పోతాయి. అది కాల్ లెటర్లు పంపే జాబితా అయితే? ఫ్రెషర్‌కి పని మిగిలింది ఇక్కడే అని నా అంచనా.

పరిష్కారం పెద్ద కష్టమేం కాదు. మొదటి కామా వరకు పేరు. ఆర్‌స్ప్లిట్‌తో కుడి నుంచి ఒక్క కామా దగ్గర కోస్తే ఫోన్. మిగిలిందంతా చిరునామానే. ఫోన్‌లో పది అంకెలు లేని లైన్లను వేరే ఫైల్‌లో రాసుకుని కంటితో చూడండి. చివర్లో లోపలికెళ్లిన లైన్లెన్ని, బయటికొచ్చినవెన్ని అని ప్రింట్ చేయండి. ఇంటర్వ్యూలో ఆ రెండు అంకెలూ చూపించండి.